పెర్సీ వాటా గుడ్డు

లింకన్‌షైర్,
1943 అక్టోబరు 4

ప్రియమైన హెస్టర్ అత్తయ్యకు,

నీ ఉత్తరం, ఉన్ని మేజోళ్ళు అందాయి. ఒక మేజోడు మోకాలి దాకా వచ్చింది, రెండోది తొడ దాకా వచ్చింది. అల్లుతూ రేడియో వార్తలు వినొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?

ఇక్కడ బురద తప్ప విశేషాలు లేవు. బీటుదుంపల పొలాన్ని చదును చేసి ఈ ఎయిర్‌ఫీల్డ్ కట్టారు. ఆ దుంపలు ఓటమి ఒప్పుకోలేదు, రన్‌వే పక్కన ఎక్కడ పడితే అక్కడ మొలుస్తున్నాయి. మా రేకుల షెడ్డులో రెండు వరుసల మంచాలు, మధ్యలో ఒక్క పొయ్యి. సర్కారు ఇచ్చే బొగ్గు మధ్యాహ్నానికే అయిపోతుంది. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో మర్యాదస్తుడెవడూ అడగడు.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. స్టోర్స్‌లో కూర్చుని విమానాలెక్కే వాళ్ళకి బూట్లు, దుప్పట్లు ఇచ్చి సంతకం తీసుకోవడం. ఈ యుద్ధంలో నాకు జరగబోయే పెద్ద ప్రమాదమల్లా దుప్పట్ల బేలు మీద పడటమే. కాబట్టి నిశ్చింతగా నిద్రపో.

తిండికి లోటు లేదు. ఈ వారంలోనే మూడుసార్లు గుడ్డు పెట్టారు. డబ్బాలో వచ్చే గుడ్డు పొడి కాదత్తయ్యా, పెంకులోంచి వచ్చిన అసలు గుడ్డు, పచ్చసొన కారుతూ, పక్కన బేకన్ ముక్కతో. తింటున్నంతసేపూ నిన్నే తలుచుకున్నాను.

నీ మేనల్లుడు,
ఆర్నాల్డ్

*

క్లఫ్‌గేట్, యార్క్‌షైర్,
అక్టోబరు 9

ఒరేయ్ ఆర్నాల్డ్,

"ప్రియమైన" అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మూడు గుడ్లా? ఒక్క వారంలో? ఇక్కడ రేషన్‌లో మనిషికి వారానికి ఒకటి, అదీ కోళ్ళు దయతలిస్తే. మొన్న గంటన్నర వరసలో నిలబడి తెచ్చుకున్న గుడ్డు పగలగొడితే ఆ వాసనకి పిల్లి ఇల్లు వదిలి పోయింది. పక్కింటి బెస్సీకి నీ ఉత్తరం గర్వంగా చదివి వినిపిస్తున్నానా, ఆ గుడ్ల దగ్గరికి రాగానే ఆవిడ అల్లిక ఆపి, "స్టోర్స్ తాళాలు మీవాడి దగ్గరే ఉంటాయన్నావు కదూ, హెస్టర్?" అంది. అంతే అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

నాకు తెలియదనుకున్నావా? సైన్యంలోనైనా సరే, స్టోర్స్ గుమాస్తాకి వారానికి మూడు గుడ్లు ఏ ప్రభుత్వమూ ఇవ్వదు. మనది నిప్పులు కడిగే ఇల్లు. మీ అమ్మానాన్నా పోయాక ముగ్గురు పిల్లల్ని మిల్లులో నేత పని చేసి పెంచాను గానీ ఒక్కనాడు పరాయి సొమ్ము ముట్టలేదు. ఆ ముగ్గురిలో క్లెమెంట్ ఓడలో వెళ్ళి సముద్రంలో పోయాడు. వాడు దొంగ కాదు. నువ్వు నేల మీద ఉంటానని నాకు మాటిచ్చావు. ఆ నేల మీద ఉండి చేసే పని ఇదా?

వెంటనే సంజాయిషీ రాయి. లేకపోతే మీ పై అధికారికి నేనే రాస్తాను. నాకు చేతిరాత బాగానే ఉంది.

సిగ్గుతో చచ్చిపోతున్న
హెస్టర్ అత్త

*

లింకన్‌షైర్,
అక్టోబరు 12

మేవిస్ అక్కా,

పీకల మీదికి వచ్చింది. అత్తయ్య ఉత్తరం జతచేస్తున్నాను, ముందు అది చదివి నవ్వడం పూర్తిచెయ్యి.

నవ్వావా? ఇప్పుడు విను. తప్పు నాదే. ఇక్కడ గుడ్డు అనేది పైకి వెళ్ళేవాళ్ళకి మాత్రమే పెడతారు, బయల్దేరే ముందు ఒకటి, తిరిగొస్తే ఒకటి. భోజనాల గదిలో ఎవడి కంచంలోనైనా గుడ్డు కనబడితే వాడు ఆ రాత్రి వెళ్తున్నాడని అర్థం. "నువ్వు రాకపోతే నీ గుడ్డు నాకు రాసిచ్చెయ్" అని ఒకడు, "నీకంటే నీ గుడ్డుకే ఎక్కువ రోజులున్నాయి" అని ఇంకొకడు. మాకదో వేళాకోళం. అలవాటులో పడి అత్తయ్యకి కూడా గుడ్డు సంగతి రాసేశాను. ఇంటి దగ్గర గుడ్డంటే బంగారమని మరిచిపోయాను.

నా సెలవుల్లో నువ్వు రైల్లో కూర్చుని, అత్తయ్య చూడకుండా నా చొక్కా మీది గన్నర్ రెక్క బ్యాడ్జీ కుట్లు విప్పిన తంటా అంతా వృథా అయ్యేలా ఉంది. ఆవిడ మా పై అధికారికి రాసిందంటే ఆయన జవాబు ఇలా ఉంటుంది: "అమ్మా, మీవాడు దొంగ కాదు, లాంకాస్టర్ బాంబర్ తోక చివర తుపాకులు పట్టుకుని కూర్చునే గన్నర్." ఆ ఉత్తరం విప్పేటప్పుడు ఆవిడ ఒక్కతే ఉంటుంది. క్లెమెంట్ టెలిగ్రాం వచ్చినప్పుడు ఆవిడ గుమ్మంలోనే పడిపోవడం, ఆ చలికాలమంతా మంచం దిగకపోవడం నువ్వూ చూశావు. అందుకే కదా ఆఫీసు కాగితాల్లో దగ్గరి బంధువు అన్న చోట నీ పేరు రాయించాను! నాకేదైనా అయితే ముందు నీకు తెలియాలి, నువ్వు వెళ్ళి మెల్లగా చెప్పాలి.

కాబట్టి ఒక ఉపాయం. నాకో స్నేహితుణ్ణి పుట్టిస్తున్నాను. వాడు గన్నర్. గుడ్డు వాడికి పడదు, నాకిస్తాడు. పేరు పెర్సీ హాబ్‌డే. ఎలా ఉంది?

ఆర్నాల్డ్

*

లీడ్స్,
అక్టోబరు 14

తమ్ముడూ,

వార్డులో నైట్ డ్యూటీ దిగి కళ్ళు మూతలు పడుతూ రాస్తున్నాను. పెర్సీని పుట్టించడం నీకు సులువే. తరవాత అతన్ని పోషించేది ఎవరు? అత్తయ్యకి ఒక మనిషి పేరు చెబితే ఊరుకునే రకమా? ముందు వాడి మేజోళ్ళ కొలతలడుగుతుంది.

అయినా ఇంకో దారి నాకూ తోచడం లేదు. జాగ్రత్త. తోక చివర జాగ్రత్త.

మేవిస్

*

లింకన్‌షైర్,
అక్టోబరు 15

అత్తయ్యా,

నీ మేనల్లుడు దొంగ కాదు. బెస్సీ గారికి ఈ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించు.

ఆ గుడ్లు నావి కావు, పెర్సీ హాబ్‌డేవి. పెర్సీ మా షెడ్డులోనే, నా పక్క మంచం. విమానం తోకలో కూర్చునే గన్నర్. విమానాలెక్కే వాళ్ళకి గుడ్డు ఇస్తారు. కానీ గుడ్డు తింటే వాడి ఒళ్ళంతా దద్దుర్లు. "తోకలో తుపాకులు పట్టుకు కూర్చోవాల్సినోణ్ణి, గోక్కుంటా కూర్చుంటే జర్మనోణ్ణి ఎవడు చూస్తాడ్రా? నువ్వే తిను" అని నా కంచంలోకి తోసేస్తాడు. పారేస్తే పాపం కదా అని తింటున్నాను.

నిర్దోషి
ఆర్నాల్డ్

*

క్లఫ్‌గేట్,
అక్టోబరు 23

ప్రియమైన ఆర్నాల్డ్,

నీ ఉత్తరం బెస్సీకి మూడుసార్లు చదివాను. మూడోసారి ఆవిడ పొయ్యి మీద ఏదో పెట్టొచ్చానని లేచిపోయింది.

నిన్ను దొంగన్నందుకు నొచ్చుకోకు. కానీ ఇప్పుడు నాకు ఇంకో బెంగ పట్టుకుంది. ఆ పెర్సీకి గుడ్డు లేకపోతే ఏం తింటున్నాడు? ఉత్త రొట్టె తిని అంత ఎత్తుకి వెళ్తున్నాడా? నువ్వు దుప్పట్ల మీద కూర్చుని వాడి గుడ్డు మింగుతూ వాడికి బదులేమీ ఇవ్వడం లేదా? నీ బేకన్ ముక్క వాడికి పెట్టు. ఇది నా ఆజ్ఞ.

ఇందులో చెవుల టోపీ ఒకటి పంపుతున్నాను. అది పెర్సీకి, నీకు కాదు. వాడి తల చుట్టుకొలత తెలియక నీ తలకి సరిపోయేలా అల్లాను. వాడి పాదాల కొలత తీసి పంపు. దద్దుర్లకి ఓట్స్ నీళ్ళలో గుడ్డ ముంచి అద్దమను. వాడు ఏ మిషన్ మీద వెళ్ళినా, ఎలా వచ్చాడో నాకు రాయి. చాపెల్‌లో బుధవారం ప్రార్థనలో వాడి పేరు చేర్పించాను.

హెస్టర్ అత్త

*

లింకన్‌షైర్,
నవంబరు 25

అత్తయ్యా,

టోపీ పెర్సీకి అచ్చం అతికినట్టు సరిపోయింది. వాడి తలా నా తలా ఒకటే సైజని ఇప్పుడే తెలిసింది. పాదాలు కూడా.

వాడి కబుర్లడిగావు కదా. వాళ్ళ విమానాన్ని చూసుకునే మెకానిక్కుల పెద్ద ఫ్రాంక్ అని ఒకాయన ఉన్నాడు. ఆ విమానం తనదేనని ఆయన నమ్మకం. వీళ్ళకి సాయంత్రం అరువిస్తున్నట్టు మాట్లాడతాడు. మొన్న తోకలో ఇంత చిల్లితో తిరిగొస్తే, ప్రాణాలతో వచ్చినందుకు సంతోషించడం మాని, "ఏం బాబూ, పొద్దున్నే కదా రంగేశాను, అప్పుడే గీకించుకొచ్చారా?" అని పెర్సీ మీద పడ్డాడు. తరవాత అటు తిరిగి ముక్కు చీదుకున్నాడట.

మొన్న వెళ్ళింది ఎక్కడికో పేపర్లో చూసే ఉంటావు, పెద్ద ఊరే. విమానంలో ఏడుగురు. మిగతా ఆరుగురూ ముందు వైపు ఒకరికొకరు దగ్గరగా ఉంటారు, పెర్సీ ఒక్కడే తోక చివర గాజు బుడ్డిలో వెనక్కి తిరిగి కూర్చుంటాడు. వాళ్ళు వెళ్ళే చోటు చూస్తారు, వాడు వదిలి వచ్చిన చోటు చూస్తాడు. ఒంటికి కరెంటుతో వెచ్చబడే సూటు ఇస్తారు. వాడి సూటులో ఎడమ పాదం కాలిపోతుంది, కుడి పాదం గడ్డకడుతుంది. స్టోర్స్‌కి వచ్చి మార్చమంటే నేను, "రెండూ కలిపి చూసుకుంటే సమంగానే ఉందిగా" అన్నాను. బూటు నా మీదికి విసిరాడు. వాళ్ళిచ్చే చాక్లెట్ పైన రాయైపోతుంది, కొరికితే పళ్ళు ఊడతాయని దాన్ని చంకలో పెట్టుకుని కాస్త కరిగించి తింటాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక జర్మన్ విమానం బాగా దగ్గరికొచ్చిందట. వాడు కాల్చలేదు. అది వీళ్ళని చూడలేదు. చూడనివాణ్ణి పిలవడమెందుకని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అది వెళ్ళిపోయాక పైలట్, "వెనకాల అంతా కులాసాయేనా?" అని అడిగితే, "చాక్లెట్ ఇంకా కరగలేదు" అన్నాడట.

నువ్వు తప్పకుండా అడుగుతావు, కింద మన వీధిలాంటి వీధులే ఉంటాయి కదా అని. పెర్సీ దాని గురించి మాట్లాడడు. నేనూ అడగను.

ఆర్నాల్డ్

*

క్లఫ్‌గేట్,
1944 జనవరి 4

ప్రియమైన ఆర్నాల్డ్,

క్రిస్మస్‌కి సెలవు దొరకలేదని నీ రెండు వాక్యాల కార్డు అందింది. పెర్సీ గురించి అందులో ఒక్క ముక్క లేదు. నీకు వాడంటే అసూయ అని నాకు అనుమానంగా ఉంది.

ఉన్న మాట చెబుతున్నాను, కోప్పడకు. చాపెల్‌లో అందరూ మొదట పెర్సీ క్షేమమే అడుగుతున్నారు. నీ సంగతి ఎవరడుగుతారు, దుప్పట్లకి ఏమవుతుంది? పాస్టరు గారి భార్య వాడి కోసం చేతి తొడుగులు అల్లుతోంది. బెస్సీ తన వారం గుడ్డు పంపుతానంటే, వాడికి దద్దుర్లు తల్లీ అని ఆపాను. నువ్వు నేల మీద ఉండాలని కోరింది నేనే, ఉన్నావు, నాకు అంతకంటే ఏం కావాలి? అయినా అలాంటి కుర్రాడి పక్క మంచంలో పడుకుంటున్నావు కదా, కాస్త తలెత్తుకు నడవడం నేర్చుకో. వాడు ఎంత ధైర్యంగా చెబుతాడు, నువ్వేమో చిన్నప్పుడు మేడ మెట్లెక్కడానికి కూడా నా చెయ్యి పట్టుకునేవాడివి.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. మిల్లులో రెండు రోజులు సెలవు పెట్టాను. పదిహేనో తారీకు శనివారం లింకన్ స్టేషన్‌లో దిగుతున్నాను. నువ్వూ పెర్సీ ఇద్దరూ టీ కొట్టు దగ్గర నిలబడండి. నాలుగు నెలల చక్కెర దాచి అల్లం కేకు చేశాను. వద్దని రాయకు, టికెట్ కొనేశాను.

హెస్టర్ అత్త

*

లింకన్‌షైర్,
జనవరి 8

అత్తయ్యా,

శనివారం రావద్దు.

ఆదివారం రాత్రి పెర్సీ తిరిగి రాలేదు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. బాధపడకు.

ఆర్నాల్డ్

*

క్లఫ్‌గేట్,
జనవరి 13

నాయనా ఆర్నాల్డ్,

కవరు మీద నీ చేతిరాత చూసి ఎప్పటిలాగే హమ్మయ్య అనుకున్నాను. విప్పి చదివాక వంటింట్లో నిలబడిపోయాను. కెటిల్ మరిగి మరిగి నీళ్ళన్నీ ఆవిరైపోయి అడుగంటిపోయింది, నాకు వినబడలేదు.

మొదట నాకు వచ్చిన ఆలోచన, నువ్వు కాదు కదా అని. రెండోది, వాళ్ళమ్మకి కూడా ఎవరో ఒకరు ఇలాగే చెబుతూ ఉంటారు అని. ఆవిడ చిరునామా పంపు. నేను రాయాలి. ఆవిడ కొడుకు నా టోపీ పెట్టుకుని వెళ్ళాడని చెప్పాలి.

నిన్న చాపెల్‌లో పాస్టరు గారు వాడి పేరు చదివారు. మన ఊరి వాడు కాకపోయినా, చూడకపోయినా, అందరూ లేచి నిలబడ్డారు. బెస్సీ వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఏడవలేదు, ఇంటికొచ్చి ఏడ్చాను. క్లెమెంట్ పోయినప్పుడు ఏడవలేకపోయాను, తెలుసా? మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్నాను, అంతే. ఇప్పుడు ఈ ముఖమైనా తెలియని కుర్రాడి కోసం అదంతా కలిపి వచ్చింది. ఎందుకింత ఏడుస్తున్నానో నాకే అర్థం కావడం లేదు.

నువ్వు ఒంటరిగా ఉండకు. వాడి మంచం వైపు చూస్తూ పడుకోకు. మంచం మార్చమని అడుగు.

నీ అత్త

*

లింకన్‌షైర్,
జనవరి 15

అత్తయ్యా,

కూర్చుని చదువు. బెస్సీ గారిని పిలవకు, ఇది నీకు మాత్రమే.

పెర్సీ వాళ్ళమ్మకి రాయడానికి వీల్లేదు. ఆవిడ లేదు. పెర్సీ లేడు. ఎప్పుడూ లేడు. ఆ టోపీ నా తల మీద ఉంది. కాలిపోయేది నా ఎడమ పాదం. ఆ జర్మన్ విమానం దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నది నేనే. గుడ్లన్నీ నావే, నాకు దద్దుర్లు రావు. నేను స్టోర్స్‌లో ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. నీకిచ్చిన మాట తప్పాను. గన్నర్లు కావాలని అడిగినప్పుడు ముందుకు అడుగు వేశాను, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. క్లెమెంట్ వల్ల అనుకుంటాను.

వాణ్ణి ఎందుకు చంపానో కూడా చెప్పాలి. నువ్వు రైలెక్కితే దొరికిపోతానని భయపడ్డాను, అది ఒకటి. రెండోది, ఇక్కడ మేం బతికే తీరు. ఎవరైనా తిరిగి రాకపోతే మేం పొద్దున్న టిఫిన్‌కి వెళ్ళొచ్చేలోగా వాళ్ళ పెట్టెలు, బట్టలు, ఫొటోలు ఎవరో వచ్చి సర్దుకుపోతారు. సాయంత్రం అతని పేరు మీద ఒక గ్లాసు తాగుతాం (నిమ్మరసమే అనుకో). మర్నాటి నుంచి ఆ పేరెత్తం. కొత్తవాడొచ్చి ఆ మంచంలో పడుకుంటాడు. ఆ ఆదివారం నిజంగానే మా షెడ్డులో అవతలి వరుస మొత్తం ఖాళీ అయింది. వాళ్ళ పేర్లు నీకు రాయలేను, చెయ్యి రాదు. ఆ ఊపులోనే పెర్సీని కూడా పంపేశాను. నాలుగు రోజుల్లో నువ్వూ మరిచిపోతావనుకున్నాను. బయట మనుషులు అలా ఉండరని, నువ్వసలే అలా ఉండవని, నిజంగా అత్తయ్యా, నాకు గుర్తు లేకుండా పోయింది.

నీ ఉత్తరం చదివితే, నేను పోతే నువ్వు రాసే ఉత్తరం ముందే చదివినట్టుంది. మా పైలట్ ఆస్ట్రేలియాలో గొర్రెలు కాసేవాడు, ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగడు. అతనే నా దగ్గరికొచ్చి, "ఏవైందిరా, ఇంట్లో ఎవరన్నా పోయారా?" అన్నాడు. "నేనే" అన్నాను.

ముప్పైసార్లు వెళ్ళొస్తే మాకు విశ్రాంతినిస్తారు. సగం దాటాను. మిగతా సగం ఉంది.

తిట్టు. కానీ రాయి.

ఆర్నాల్డ్

*

క్లఫ్‌గేట్,
జనవరి 19

ఆర్నాల్డ్ సగ్డెన్‌కి,

రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. నువ్వు వంద మైళ్ళ అవతల ఉన్నావు కనక ఆ సంగతి నీకు తెలియలేదు. అందుకే రాస్తున్నాను.

అబద్ధాలకోరా! వెధవా! నా చేత లేనివాడికి టోపీ అల్లించావు! పాస్టరు గారి దగ్గరికెళ్ళి, "అయ్యా, మీరు పేరు చదివిన కుర్రాడు పుట్టలేదండీ" అని చెప్పాల్సి వచ్చింది. ఆయన, "అయితే ఆ ప్రార్థనలన్నీ ఎవరికి చేరినట్టు హెస్టర్?" అన్నాడు. "చేరాల్సినవాడికే చేరాయి, వాడు ఇంకా బతికున్నాడు కదా" అన్నాను. బెస్సీకి చెబితే మొదట కోప్పడి, తరవాత నా మెడ పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. తన గుడ్డు మిగిలిందని కూడా అంది.

మేవిస్‌కి ఉత్తరం రాసి నిజం చెప్పమన్నాను. అంతా చెప్పింది, రెక్క విప్పిన సంగతితో సహా. దగ్గరి బంధువు అన్న చోట తన పేరు రాయించావని కూడా చెప్పింది. అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. మిగతాదంతా చిన్నపిల్లల పని, ఇది కాదు.

క్లెమెంట్ కబురుకి పడిపోయాను, నిజమే. మంచం దిగలేదు, అదీ నిజమే. మరి ఆ తరవాత ఏమైంది? లేచాను కదరా. ఎవరూ లేపకుండా ఒకరోజు లేచి, పొయ్యి రాజేసి, మిల్లుకి వెళ్ళాను. నేను పడటం మీ ఇద్దరూ చూశారు, లేవడం ఎవరూ చూడలేదు. అందుకే గాజు బొమ్మను చేసి అటక మీద పెట్టారు. ఇప్పుడు నీ కోసం వారం రోజులు వేరేవాడి పేరుతో ఏడ్చాను. ఇప్పుడూ లేచాను. నీ వాటా ఏడుపు నువ్వు వాడేసుకున్నావు, ఇంక నా దగ్గర లేదు. కాబట్టి తిరిగి రావడం ఒక్కటే నీకు మిగిలింది.

అయినా చెబుతున్నాను. ఆ టెలిగ్రాం రాకూడదు. వస్తే మాత్రం నా గుమ్మంలోకే రావాలి, నా చేతికే ఇవ్వాలి. లీడ్స్ చుట్టూ తిరిగి, మెత్తటి మాటల్లో చుట్టుకుని రాకూడదు. నిన్ను పెంచింది నేను. ఆ కబురు ముందు వినే హక్కు నాది. రేపే ఆఫీసుకెళ్ళి పేరు మార్పించు.

భయపడితే నాకు రాయి. పెర్సీ భయపడ్డాడని కాదు, నేను భయపడ్డానని రాయి.

హెస్టర్ అత్త

*

లింకన్‌షైర్,
జనవరి 23

అత్తయ్యా,

నేను భయపడుతున్నాను. రాసేశాను. రాశాక కాస్త నయంగా ఉంది.

పొద్దున్నే ఆఫీసుకెళ్ళాను. అక్క పేరు కొట్టించి నీ పేరు, క్లఫ్‌గేట్ చిరునామా రాయించాను. అక్కడి గుమాస్తా కళ్ళద్దాల మీంచి చూసి, "ఈవిడ నీకేమవుతుంది?" అని అడిగాడు.

"అమ్మ" అన్నాను.

అలాగే రాసుకున్నాడు. నీకు చెప్పిన అబద్ధాలన్నీ వెనక్కి తీసుకున్నాను గానీ, ఇది మాత్రం తీసుకోను.

ఆర్నాల్డ్